లాగే బండి, నెట్టే బరువు

రాయలసీమలో సొంత ఇల్లు కట్టుకున్న కుటుంబాలలో అధికభాగం నేల మీద పరచుకునేది కడప బండలనే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల గనులలో పొరలు పొరలుగా లభించే ఈ నాపరాయి వేసవిలో పాదాలకు చల్లదనాన్నిస్తుంది. మసీదు వాకిలిలో, మదరసా వసారాలో, వంటగది గట్టు మీద, బావి చుట్టూ, సమాధుల అంచున మన చేతికీ కాలికీ తగిలేది ఈ రాయే. అయితే ఆ రాయి గని నుంచి గడప దాకా ఎలా వచ్చిందో ఆలోచించేవారు తక్కువ. ట్రాక్టరు వెనుక ట్రాలీ తగిలించి, ఆ ట్రాలీలో బండలను నిలువుగా పేర్చి, ఒక యువకుడు వాటిని మన ఇంటి ముందు దింపి వెళతాడు. ఆ యువకుని ప్రాణం, అతనికి ఎదురుగా వచ్చే వారి ప్రాణాలు ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉన్న ఒక్క ఇనుప పిన్ను మీద ఆధారపడి ఉంటాయి.

కుటుంబ పత్రికలో ఇటువంటి విషయం ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ట్రాలీ కొనాలన్న నిర్ణయం షెడ్డులో జరగదు, ఇంట్లోనే జరుగుతుంది. దానికి కావలసిన సొమ్ము తల్లి మెడలోని నగ నుంచో, తండ్రి గల్ఫ్‌లో కూడబెట్టిన మిగులు నుంచో వస్తుంది. ఏ బండి కొనాలి, దాని వెనుక ఎంత బరువు కట్టాలి, ఆ బరువు మీద ఎవరిని కూర్చోబెట్టాలి అన్నవి యంత్రానికి సంబంధించిన ప్రశ్నల వలె కనిపించినా, వాటి ఫలితాన్ని అనుభవించేది ఇంటిల్లిపాదీ. మా కుటుంబంలో ఈ చర్చ దాదాపు రెండు నెలలు సాగింది. అందులో నేను విన్నదీ, నేర్చుకున్నదీ మరికొన్ని ఇళ్లకు ఉపయోగపడవచ్చునని వ్రాస్తున్నాను.

మా ఆపా మెట్టినిల్లు బేతంచెర్ల దగ్గర ఒక పల్లె. ఆమె భర్త, అనగా మా దూల్హాభాయి, 2003లో కువైట్ వెళ్ళి 2021లో తిరిగి వచ్చారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి వేలాది మంది కువైట్‌లో పని చేస్తున్న సంగతి మన పాఠకులకు తెలిసినదే. వారిలో చాలామంది వాహనచోదకులే. మా దూల్హాభాయి అక్కడ షువైఖ్ రేవు నుంచి సరుకు తెచ్చే పెద్ద ట్రైలరు నడిపారు. వారి కుమారుడు, నా మేనల్లుడు, ఐ.టి.ఐ. పూర్తిచేసి రెండేళ్లు ఇతరుల ట్రాక్టరు నడిపాడు. తన బండి తనకు ఉండాలని వాడి కోరిక. చిన్న ట్రాక్టరు ఒకటి పాతది దొరికింది. దానితోపాటు ఒక పెద్ద ట్రాలీ కూడా తక్కువ ధరకు వస్తున్నదని తెలిసింది. తల్లి తన బంగారు గాజులు నాలుగు బ్యాంకులో పెట్టడానికి ఒప్పుకున్నది. ఆ తరువాత తండ్రి అడ్డుచెప్పారు.

ట్రాక్టరుకు ఆయన అడ్డుచెప్పలేదు. ఆ ట్రాక్టరుకు ఆ ట్రాలీ వద్దన్నారు. కుమారుడు నా వద్దకు వచ్చి మొరపెట్టుకున్నాడు: “మామూ, అబ్బాకు నా మీద నమ్మకం లేదు. మూడువందల బండలు ఎక్కించి చూశాను. ఇంజిన్ సునాయాసంగా లాగింది.” తండ్రి చెప్పినది ఒక్క మాట: “లాగుతుందా అని నేను అడగలేదు. ఆపుతుందా అని అడిగాను.”

మదరసాలో వారసత్వపు వాటాల లెక్కలు బోధించే నాకు ట్రాక్టరు సంగతి ఏమి తెలుస్తుంది? కానీ ఇరుపక్షాలనూ పూర్తిగా వినకుండా ఒక మాట చెప్పరాదన్నది మా చదువులో మొదటి పాఠం. అందుచేత ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరి వాదం వారు నాకు అర్థమయ్యేటట్లు చెప్పవలసిందిగా కోరాను. మా ఆపా ఇంటి నేల నల్లని కడప బండలది. దూల్హాభాయి సుద్దముక్క తీసుకుని ఆ నేల మీదనే బొమ్మలు గీసి వివరించారు. నా జీవితమంతా పలక మీద పిల్లలకు గీసి చూపినవాణ్ణి, ఆ రోజు నేను పిల్లవాడి వలె ముందు వరుసలో కూర్చున్నాను.

మొదట బరువు లెక్క. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న కడప బండ ఒకటి కొంచెం అటూ ఇటూగా 25 కిలోలు తూగుతుంది. రెండువందల బండలంటే ఐదు టన్నులు. మూడువందలంటే ఏడున్నర టన్నులు. ఖాళీ ట్రాలీ బరువే ఒకటిన్నర టన్ను దాకా ఉంటుంది. దానిని లాగే చిన్న ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. అనగా తనకన్నా నాలుగింతలకు మించిన బరువును ఆ ట్రాక్టరు వెంటబెట్టుకుని వెళుతున్నది. సమతలమైన దారిలో మెల్లగా లాగడానికి ఇంజిన్‌కు ఇది పెద్ద కష్టం కాదు, ఎందుకంటే ట్రాక్టరును తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చేటట్లే తయారు చేస్తారు. మేనల్లుడు చూసినది నిజమే. కానీ వాడు చూసినది సగం.

మిగతా సగం బ్రేకుది. మన ప్రాంతంలో సాధారణంగా కనిపించే ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. మన పల్లెలలో తిరిగే ట్రాలీలలో చాలావాటికి బ్రేకులే ఉండవు. కాబట్టి తొమ్మిది టన్నుల ట్రాలీని ఆపవలసిన బాధ్యత రెండు టన్నుల ట్రాక్టరు రెండు చక్రాల మీద పడుతుంది. డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు ట్రాక్టరు ఆగాలని చూస్తుంది, ట్రాలీ మాత్రం ముందుకే పోవాలని చూస్తుంది. అంతవరకు లాగబడిన ట్రాలీ ఆ క్షణం నుంచి నెట్టడం మొదలుపెడుతుంది. రెండూ ఒకే గీతలో ఉంటే కొంత దూరం జరిగి ఆగుతాయి. కొంచెం వంకరగా ఉంటే ట్రాలీ ట్రాక్టరును ప్రక్కకు త్రోసి, చాకు మడతపడినట్లు మడిచివేస్తుంది. వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన మరొక లెక్క.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. ట్రాక్టరు కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వేర్వేరు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. పొలంలో సాలు చివర బండిని గిరుక్కున తిప్పడానికి ఒకవైపు పెడలు మాత్రమే తొక్కుతారు. రోడ్డు ఎక్కేటప్పుడు ఆ రెండింటినీ ఒక చిన్న కొక్కెంతో జతచేయాలి. జతచేయకుండా వేగంలో ఒకవైపే తొక్కితే బండి ఆ వైపుకు తిరిగిపోతుంది. వెనుక ట్రాలీ నిండుగా ఉంటే ఆపై జరిగేది చెప్పనవసరం లేదు. బొటనవేలంత ఇనుపముక్కను వేయడానికి పట్టే సమయం రెండు క్షణాలు. పొలం నుంచి నేరుగా రోడ్డెక్కే తొందరలో మరచిపోయేది దానినే.

ఇది వింటున్నప్పుడు నాకు మా తాతగారి ఎడ్లబండి గుర్తుకు వచ్చింది. బండి కట్టడం తెలిసినవారు మొదట చూసేది ఇరుసు మీద బరువు ఎలా నిలిచిందన్నదే. ముందు భారమైతే కాడి ఎద్దుల మెడలను నలుపుతుంది. వెనుక భారమైతే నొగలు పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతులకు బిగుసుకుంటాయి. అందుకే బస్తాలను ఇరుసుకు కొంచెం ముందుకు జరిపి సర్దేవారు. రెండు చక్రాల ట్రాలీకి కూడా ఇదే సూత్రమని దూల్హాభాయి అన్నారు. బండలన్నీ ముందుకు పేర్చితే కొక్కెం మీద భారం పెరిగి ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు మాట వినదు. అన్నీ వెనుకకు పేర్చితే ట్రాలీ కొక్కేన్ని పైకి ఎత్తుతుంది, అప్పుడు బ్రేకులున్న వెనుక చక్రాలకే నేల మీద పట్టు తగ్గుతుంది. ఎద్దు అయితే ఊపిరాడక ఆగిపోతుంది, ఇంజిన్ ఆగదు. యంత్రానికి నొప్పి తెలియదు కనుక దాని బదులు మనిషే తెలుసుకోవాలి.

తరువాత ఆయన కువైట్ ట్రైలరు సంగతి చెప్పారు. అక్కడి డ్రైవర్లు ముందు ఉండే ఇంజిన్ బండిని ‘రాస్’ అంటారు. అరబీలో రాస్ అంటే తల. వెనుక ఉన్నది శరీరం, దానిని నడిపించేది తల. ఆ తల వెనుక భాగంలో, ఇరుసుకు కొంచెం ముందుగా, గుండ్రని పెద్ద ఇనుప పళ్ళెం ఒకటి ఉంటుంది. దానిని ఐదవ చక్రం అంటారు. పూర్వం నాలుగు చక్రాల గుర్రపు బండ్లలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి ఒక చక్రాన్ని అడ్డంగా పరచి అమర్చేవారు. ఆ పేరే నేటి లారీలకు కూడా నిలిచిపోయింది. ట్రైలరు అడుగున ఉండే రెండు అంగుళాల మందం గల పిన్ను ఆ పళ్ళెం గాడిలోకి వచ్చి బిగుసుకుంటుంది. మన ప్రాంతానికి గాలిమరల పొడవైన రెక్కలను మోసుకువచ్చే భారీ వాహనాలలో కూడా లాగే బండీ, మోసే బండీ వేరువేరుగానే ఉంటాయి.

ట్రాలీ కొక్కేనికీ ఈ పళ్ళేనికీ భేదమేమిటని అడిగాను. ట్రాలీ కొక్కెం బండికి వెనుక చివర ఉంటుంది కనుక బరువు బండిని వెనుక నుంచి పట్టి ఊపుతుంది. పళ్ళెం ఇరుసుకు పైన ఉంటుంది కనుక ట్రైలరు బరువులో ఒక భాగం నేరుగా తల మీదకు వచ్చి దానిని నేలకు అదిమి పట్టి ఉంచుతుంది. పైగా ట్రైలరు చక్రాలకు కూడా గాలి బ్రేకులుంటాయి. గాలి గొట్టం తెగిపోతే ఆ బ్రేకులు వదిలిపోవు, వాటంతట అవే పట్టుకుంటాయి. “పద్దెనిమిదేళ్లు నలభై టన్నులు లాగిన నేను ఏడున్నర టన్నులకు భయపడుతున్నానని వీడు నవ్వుతున్నాడు. అక్కడ ప్రతి చక్రం ఆగడానికి నాకు తోడుపడేది. ఇక్కడ వీడికి ఏది తోడుపడుతుంది?” అని ఆయన అడిగారు. మేనల్లుడు అప్పుడు మొదటిసారి మౌనంగా ఉన్నాడు.

అసలు తగవు ట్రాలీ పొడవు దగ్గర ఉన్నది. మేనల్లుడు చూసివచ్చిన ట్రాలీకి ముందుండే డ్రాబారును పాత యజమాని కోయించి పొట్టిగా అతికించాడు. గనుల ఇరుకు సందులలో తిప్పుకోవడానికి అలా చేశాడట. కురచగా ఉంటే సులువుగా తిరుగుతుందన్నది మామూలు మనిషికి సహజంగా తోచే ఊహ. దూల్హాభాయి దానిని నేల మీద గీసి చూపారు. ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు ట్రాలీ కొక్కెం కేంద్రంగా వృత్తంలో తిరుగుతుంది. కొక్కెం నుంచి ట్రాక్టరు పెద్ద టైరు బయటి అంచు ఎంత దూరంలో ఉన్నదో డ్రాబారు అంతకన్నా పొడవుగా ఉండాలి. తక్కువైతే పూర్తి మలుపులో ట్రాలీ ముందు పలక టైరును ఒరుసుకుంటుంది. టైరు కోసుకుపోవచ్చు, లేదా టైరు పలకను పట్టి పైకి ఎక్కి ట్రాలీనే తిరగవేయవచ్చు. వారు మరునాడు వెళ్ళి టేపుతో కొలిచారు. డ్రాబారు నాలుగు అంగుళాలు తక్కువగా ఉన్నది.

ఇదే చిక్కు ప్రపంచమంతటా ఉన్నది. అమెరికాలో కొన్ని కుటుంబాలు ఇంటి వంటి పెద్ద ట్రైలరును పికప్ బండి తొట్టిలో అమర్చిన ఐదవ చక్రానికి తగిలించి ఊరూరా తిరుగుతాయి. ఆ పికప్ తొట్టి పొడవైనదైతే ఎనిమిది అడుగులు, పొట్టిదైతే ఆరున్నర అడుగులో, ఇంకా తక్కువో ఉంటుంది. ట్రైలరు వెడల్పు ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల దాకా ఉంటుంది. బండి అడ్డంగా మలుపు తిరిగినప్పుడు ట్రైలరు వెడల్పులో సగం, అనగా నాలుగు అడుగులకు పైగా, పిన్ను నుంచి క్యాబిను వైపు వస్తుంది. పొట్టి తొట్టిలో పిన్నుకూ క్యాబినుకూ మధ్య అంత చోటు ఉండదు. అప్పుడు ట్రైలరు మూల వచ్చి క్యాబిను వెనుక అద్దాన్ని పగులగొడుతుంది. దీనికై వారు జరిగే పళ్ళెం ఒకటి వాడతారు. మెల్లగా మలుపు తిప్పేటప్పుడు అది వెనుకకు జరుగుతుంది, రోడ్డు మీద తిరిగి ఇరుసు పైకి వస్తుంది. కొందరి ట్రైలర్లకు ముందు మూలలను గుండ్రంగా చెక్కి తయారు చేస్తారు. బేతంచెర్ల గనిలోనైనా, అమెరికా రహదారిలోనైనా లెక్క ఒక్కటే. లాగేది పొట్టిదైతే మలుపులో మోసేది దాని మీదకు వస్తుంది.

ఇక ఘాట్ల మాట. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడప మీదుగా రాయచోటి, చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారిలో కడప దాటిన తరువాత గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. పాలకోవాకు పేరుపొందిన ఆ ఊరు, బరువు బండ్ల ప్రమాదాలకు కూడా పేరు మోసింది. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే నల్లమల దారిలోనూ వంపులున్నాయి. పైకి ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే మనిషి భయపడతాడు, కానీ అసలైన అపాయం దిగేటప్పుడు ఉంటుంది. డీజిలు మిగులుతుందని కొందరు వాలులో గేరు తీసి న్యూట్రల్‌లో వదులుతారు. అప్పుడు ఇంజిన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీదనే పడుతుంది. ఎడతెగకుండా తొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. వేగం పెరిగిన తరువాత గేరు వేయబోతే పడదు. అందుకే ఏ గేరులో ఎక్కవలసిన కొండో, ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల నియమం. వాలు మొదలు కాకముందే గేరు మార్చాలి, వాలులో క్లచ్చి తొక్కరాదు.

మలుపులలో మరొక సంగతి గమనించాలి. ట్రాలీ చక్రాలు ట్రాక్టరు చక్రాల జాడలో నడవవు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ట్రాక్టరు దాటిపోయింది కదా అని మలుపు లోపల నిలబడిన సైకిలు పిల్లవాడు, ద్విచక్ర వాహనం మీద వెళ్ళే దంపతులు ట్రాలీ క్రిందకు వచ్చేది ఇందువల్లనే. మదరసాకు సైకిళ్ళ మీద వచ్చే పిల్లలకు నేను ఈ పాఠం ప్రత్యేకంగా చెబుతున్నాను: ట్రాలీ మలుపు తిరిగేటప్పుడు దాని లోపలి ప్రక్కన ఎన్నడూ నిలబడవద్దు. వెనుకకు నడిపేటప్పుడైతే వ్యవహారమే తలక్రిందులు. ట్రాలీ తోక కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు త్రిప్పాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి చదివే మన పిల్లలు దీనిని త్వరగా పట్టుకుంటారని మా మేనల్లుడు హాస్యమాడాడు. అయినా వెనుక ఒక మనిషి నిలబడి చెప్పనిదే ట్రాలీని వెనుకకు నడపరాదు.

ఇంతవరకూ చెప్పినది రాళ్ల బరువు. మనుషుల బరువు గురించి చెప్పవలసినది ఇంకా ఉన్నది. కొన్నేళ్ల క్రితం నా తరగతిలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేస్తున్న ఒక పిల్లవాడు ఉండేవాడు. గొంతు మధురం, జ్ఞాపకం గట్టిది. అతని తల్లి బండల ఎత్తుడు కూలికి వెళ్ళేది. ఒక సాయంత్రం పని ముగిసి ఇంటికి వచ్చేటప్పుడు కూలీలు నిండు ట్రాలీ మీద, బండల పైననే కూర్చున్నారు. గుంటలో ఒక చక్రం దిగింది. ట్రాలీ ఒరిగింది. వారితోపాటు రాళ్లు కూడా దొర్లాయి. ఆమె ఇంటికి చేరలేదు. ఆ తరువాత పరిహారం కొరకు ఆ కుటుంబం తిరగని చోటు లేదు. కడకు చేతికి వచ్చినది యజమాని దయతలచి ఇచ్చిన స్వల్ప మొత్తమే. పిల్లవాడు చెల్లెళ్లను పోషించడానికి చదువు మానివేశాడు. తరగతిలో అతని చాప చాలాకాలం ఖాళీగా ఉన్నది. ఆ చోట మరొకరిని కూర్చోమని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

చట్టం ఈ విషయంలో ఏమి చెబుతున్నదో ప్రతి ఇంటా తెలిసి ఉండాలి. సరుకు మోసే వాహనం సరుకు కోసమే. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ వల్ల, సరుకుతోపాటు ప్రయాణించే సరుకు యజమానికి లేదా అతని ప్రతినిధికి బీమా రక్షణ కలిగింది. కానీ ఊరికే ఎక్కి కూర్చున్న ప్రయాణికులకు పరిహారం చెల్లించవలసిన బాధ్యత బీమా సంస్థపై లేదని 2002లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనగా పెళ్లివారిని, ఉర్సుకు వెళ్ళే జనాన్ని, కూలీలను ట్రాలీలో ఎక్కించినవాడు, ప్రమాదం జరిగితే తన ఇల్లూ పొలమూ అమ్మి ఇవ్వవలసి రావచ్చు. ఎక్కినవారి పిల్లలకు ఏమీ దక్కకపోవచ్చు కూడా. బస్సు కిరాయి మిగిలిందన్న సంతోషం ఎంత ఖరీదైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మా ఇంటి చర్చ ఎలా ముగిసిందో చెబుతాను. తండ్రీ కొడుకుల వాదం తెగేటట్లు లేదు. నేను ఏదైనా చెబితే ఒకరి మనసు నొచ్చుకునే పరిస్థితి. అప్పటిదాకా వంటగది గుమ్మం దగ్గర కూర్చుని వింటున్న మా ఆపా లేచి వచ్చింది. “ఆ గాజులు నా మహర్‌వి. నా సొమ్ము మీద నా మాట చెల్లుతుంది కదా, తమ్ముడూ?” అని నన్ను అడిగింది. షరీఅత్ ప్రకారం మహర్ పూర్తిగా స్త్రీ సొంతం, భర్తకు గానీ కుమారునికి గానీ అందులో హక్కు లేదని చెప్పాను. “అయితే నా షరతులు వినండి” అన్నది ఆమె. పెద్ద ట్రాలీ వద్దు, బ్రేకులున్న చిన్న ట్రాలీ కొనాలి. ఒక సారికి నూట ఇరవై బండలకు మించరాదు, అనగా మూడు టన్నులు. బరువు మీద ఏ మనిషినీ కూర్చోబెట్టరాదు. వెనుక ఎర్రదీపాలు, మెరిసే పట్టీలు లేకుండా మగ్రిబ్ తరువాత రోడ్డెక్కరాదు. నాలుగు షరతులు, నాలుగు గాజులు.

మేనల్లుడు లెక్కలు వేసి చూపాడు. మూడువందల బండలు ఒక్క విడతలో పోయేవి ఇప్పుడు రెండున్నర విడతలవుతాయి. డీజిలు పెరుగుతుంది, రోజుకు వచ్చే మిగులు తగ్గుతుంది, గాజులు విడిపించడానికి మరో ఏడాదికి పైగా పడుతుంది. “నా చేతులు ఖాళీగా ఉంటే నాకేమీ కాదు” అని ఆపా జవాబిచ్చింది. దూల్హాభాయి ఆ మాటకు తల దించుకున్నారు. పద్దెనిమిదేళ్లు ఆమె ఒంటరిగా ఇల్లు నడిపిన రోజులు ఆయనకు గుర్తుకు వచ్చి ఉంటాయి. వాడు షరతులకు అంగీకరించాడు.

ఇప్పటికి పద్నాలుగు నెలలు గడిచాయి. రెండు గాజులు తిరిగివచ్చాయి, రెండు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. వాడి ఈడు కుర్రవాళ్లు కొందరు అధిక బరువు వేసి వాడికన్నా ఎక్కువ సంపాదిస్తున్నారన్నది వాస్తవం. ఆ మాట దాచి, జాగ్రత్తపడినవారికి లాభమే కలుగుతుందని వ్రాస్తే అది అసత్యమవుతుంది. జాగ్రత్తకు ఖరీదు ఉన్నది, దానిని చెల్లించేది పేద ఇళ్లే. గత షాబాన్‌లో దగ్గరి బంధువుల ఇంట నికాహ్‌కు నలభై మందిని ట్రాలీలో తీసుకువెళ్ళమని పెద్దలు అడిగారు. వాడు మర్యాదగా కాదన్నాడు. సొంతవాళ్ళకే కాదన్నాడని వారు నొచ్చుకున్నారు. ఈద్ నాడు కూడా పలకరింపులు అంతంతమాత్రమే. నేను రెండుసార్లు వెళ్ళి నచ్చజెప్పాను, ఇంకా వెళతాను. బంధుత్వాన్ని కలుపుకోవడం మన విధి, కానీ అందుకు నలభై ప్రాణాలను పణంగా పెట్టమని ఎవరూ అడగరాదు.

మన ఇళ్లలో ట్రాక్టరు నడిపే అన్నదమ్ములు, కొడుకులు, అల్లుళ్లు ఉన్నవారికి ఒక మనవి. ఉదయం బండి బయలుదేరే ముందు కొన్నింటిని ఇంటివారే అడగండి. కొక్కెం పిన్నుకు చీల వేశారా? పిన్ను విరిగినా ట్రాలీ విడిపోకుండా పట్టే గొలుసు ఉన్నదా? రెండు బ్రేకు పెడళ్ళు జతచేశారా? బండలు ఇరుసుకు కొంచెం ముందుగా, రెండు ప్రక్కలా సమంగా పేర్చి త్రాటితో బిగించారా? వెనుక దీపం వెలుగుతున్నదా? రాత్రిపూట చెడిపోయి రోడ్డు మీద నిలిచిన దీపం లేని ట్రాలీ, నడిచే ట్రాలీకన్నా ఎక్కువ ప్రమాదకరం. దానిని గుద్దుకునే ద్విచక్ర వాహనదారునికి అది గోడ వంటిది. ఈ ప్రశ్నలు అడగడానికి ఐదు నిమిషాలు చాలు. తల్లి అడిగితే విసుక్కునే కుమారుడు కూడా మరునాడు అడగకముందే చూసుకుంటాడు.

ప్రయాణానికి ముందు చదివే దుఆ మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. దానిని చదివి ఎక్కడం మన అలవాటు, చాలా మంచి అలవాటు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒంటెను కట్టే విషయంలో చేసిన ఉపదేశం కూడా మన పాఠకులకు తెలిసినదే. మా మేనల్లుడు ఇప్పుడు ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి, పిన్నునూ గొలుసునూ చేతితో తాకి చూసి, ఆ తరువాత ఎక్కి దుఆ చదువుతున్నాడు. ఆ క్రమం నాకు నచ్చింది. గనుల దారులలో, ఘాట్ల వంపులలో, ఎడారి రహదారులలో మన కోసం బరువులు మోస్తున్న వారందరినీ అల్లాహ్ ప్రతి సాయంత్రం క్షేమంగా వారి ఇళ్లకు చేర్చుగాక! ఆమీన్.